ముఖపత్రం మీద ఎవరి పేరు? ఫానీ మెండెల్సన్ సంగీత జీవితంలోని చిక్కుముడి

ఫానీ మెండెల్సన్ పేర్లను వరుసగా చెప్పుకుంటూ పోతే ఆమె జీవితకథ సగం చెప్పినట్టే అవుతుంది. 1805 నవంబర్ 14న హాంబర్గ్‌లో ఒక యూదు బ్యాంకరు ఇంట పుట్టినప్పుడు ఆమె ఫానీ మెండెల్సన్. పదేళ్ల వయసులో బాప్తిస్మం ఇప్పించినప్పుడు, క్రైస్తవులు సంగీతానికి అధిదేవతలా భావించే పునీత సిసీలియా పేరు దానికి జతపడింది. 1822లో తల్లిదండ్రులు కూడా మతం మారి ఇంటిపేరుకు బార్టోల్డీ అన్న మరో పేరు తగిలించారు. 1829లో చిత్రకారుడు విల్హెల్మ్ హెన్సెల్‌ను పెళ్లాడి ఫానీ హెన్సెల్ అయింది. ఈలోగా ఆమె కట్టిన ఆరు పాటలు ఈ పేర్లలో దేనితోనూ కాక, స్వరకర్తగా పేరు మోసిన తమ్ముడు ఫెలిక్స్ మెండెల్సన్ పేరుతో అచ్చయ్యాయి. తన పేరుతో తొలి సంపుటి వెలువడింది 1846లో. మరుసటి ఏడాది మే నెలలో, 41 ఏళ్లకే, ఆమె కన్నుమూసింది.

ఈ కథను ఇప్పుడు తిరిగి చెప్పేవారిలో చాలామంది దీన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు: ఆడపిల్ల కాబట్టి తండ్రి అడ్డుకున్నాడు, తమ్ముడు ఓర్వలేకపోయాడు, ప్రతిభ అణగారిపోయింది. ఇందులో నిజం చాలానే ఉంది కానీ ఇదొక్కటే చాలదు. ఫానీ కంటే సుమారు 14 ఏళ్లు చిన్నదైన క్లారా వీక్ అదే జర్మన్ నేల మీద, పన్నెండేళ్ల ప్రాయానికే తన పేరుతో స్వరరచనలు అచ్చువేయించి, ఊరూరా కచేరీలు చేసింది. ఆమెను ముందుకు నెట్టినవాడు కన్నతండ్రే. ఇక ఫానీకి చిన్నమ్మమ్మ అయిన సారా లెవీ కడదాకా యూదురాలిగానే ఉండి, 19వ శతాబ్దపు తొలి దశకంలోనే బెర్లిన్ సింగ్ అకాడమీ అనే సంగీత సంఘంలో, 18వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ కన్సర్టోలను, అంటే ఒక వాద్యం వాద్యబృందంతో కలిసి పలికే రచనలను, వాయించింది. ఆడది కావడమే అడ్డయితే క్లారాకు ఎలా సాధ్యమైంది? యూదురాలు కావడమే అడ్డయితే సారా లెవీకి ఎలా సాధ్యమైంది? స్త్రీత్వం, సంపద, కొత్తగా పుచ్చుకున్న మతం అనే మూడు పోగులు ఒకే చోట పెనవేసుకోవడం వల్ల పడ్డ ముడి ఇది. దేన్ని విడిగా లాగినా విప్పుకోదు.

మతంతోనే మొదలుపెట్టాలి. ఫానీ తాతగారు మోజెస్ మెండెల్సన్ 1743లో, పద్నాలుగేళ్ల పేద కుర్రవాడిగా డెసావు నుంచి బెర్లిన్ చేరాడు. ఒక పట్టు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తూనే యూరప్ అంతటా పేరు మోసిన తత్త్వవేత్త అయ్యాడు. యూదుల పవిత్ర ధర్మశాస్త్రాన్ని జర్మన్ భాషలోకి అనువదించి, దాన్ని హీబ్రూ లిపిలో అచ్చువేయించాడు. ఇంట్లో యూదుడిగా ఉంటూనే వీధిలో జర్మన్ సంస్కృతిలో సమానుడిగా నిలబడవచ్చునన్నది ఆయన జీవితాంతం చేసిన వాదం. ఆయన పిల్లల్లో పెరిగి పెద్దయినవారు ఆరుగురైతే, వారిలో నలుగురు క్రైస్తవులయ్యారు. తాతగారి వాదాన్ని మనవల కాలపు ప్రష్యా, బెర్లిన్ రాజధానిగా ఉన్న జర్మన్ రాజ్యం, అంగీకరించలేదు మరి. 1812 మార్చి నాటి రాజశాసనం యూదులకు పౌరసత్వం ఇచ్చింది. స్థిరమైన ఇంటిపేర్లు పెట్టుకోమని, వ్యాపార పత్రాలు జర్మన్‌లో రాయమని షరతులు విధించింది. ప్రభుత్వోద్యోగాల సంగతి మాత్రం తరువాత చూద్దామని పక్కన పెట్టింది. నెపోలియన్ ఓడిపోయాక ఆ ‘తరువాత’ రాకపోగా, ఇచ్చినవి కూడా ఒక్కొక్కటిగా వెనక్కి పోయాయి. 1822 నాటికి విశ్వవిద్యాలయ ఉద్యోగాల తలుపులు యూదులకు మూసుకున్నాయి.

ఈ నేపథ్యంలో ఏబ్రహాం మెండెల్సన్, లేయా దంపతులు 1816 మార్చి 21న తమ నలుగురు పిల్లలకూ బెర్లిన్‌లో చడీచప్పుడూ లేకుండా బాప్తిస్మం ఇప్పించారు. తాము మాత్రం మరో ఆరేళ్లు ఆగారు. లేయా తల్లి బెల్లా సాలొమన్ నిష్ఠ గల యూదురాలు. మతం మారినందుకు సొంత కొడుకు యాకోబ్‌నే ఇంటి గడప తొక్కవద్దన్న మనిషి. బార్టోల్డీ అనే పేరు మొదట పెట్టుకున్నది ఆ యాకోబే. ఫానీ కొడుకు తరువాతి కాలంలో రాసిన కుటుంబ చరిత్రలో ఒక ముచ్చట ఉంది. మనవరాలి పియానో విని మురిసిపోయిన అమ్మమ్మ ఏం కావాలో కోరుకోమంటే, ఫానీ ‘మామయ్యను క్షమించు’ అని అడిగిందట. బెల్లా మెత్తబడి కొడుకును దగ్గరకు తీసిందట. అలా అడిగిన మనవరాలికే అప్పటికి బాప్తిస్మమై ఉందన్న సంగతి ఆ పెద్దావిడకు తెలియనివ్వలేదు. ఈ ముచ్చటను మనవరాలి మంచితనానికి నిదర్శనంగా చెప్పుకోవడం రివాజు. నాకు మాత్రం ఇందులో, ఏది పైకి చెప్పవచ్చో ఏది దాచాలో చిన్ననాటి నుంచే నేర్చుకున్న ఒక పిల్ల కనిపిస్తుంది.

మతం మారితే మాత్రం గుర్తింపు మారిందా? పిల్లలకు సంగీతశాస్త్రం నేర్పిన గురువు కార్ల్ ఫ్రీడ్రిష్ త్సెల్టరే 1821లో కవి గేటేకు రాస్తూ, ఫెలిక్స్ యూదుడి కొడుకే కానీ యూదుడు కాడని సంజాయిషీ ఇచ్చాడు. యూదుడి కొడుకు కళాకారుడైతే అది అరుదైన వింతే అవుతుందని, ఆ ‘వింత’ అన్న మాటను యూదుల యాసలో పలికించి మరీ వెటకారం చేశాడు. పాఠం చెప్పి, ప్రేమించి, పైకి తెచ్చిన గురువు కలం నుంచి వచ్చిన మాట ఇది. త్సెల్టర్ చనిపోయాక ఆ ఉత్తరాలు పుస్తకంగా అచ్చయినప్పుడు మెండెల్సన్ కుటుంబానికి మనసు చివుక్కుమంది.

తండ్రి ఏబ్రహాం ఆలోచనలో ఆవేశం లేదు, లెక్క ఉంది. 1820లో ఫానీ చర్చి సభ్యత్వ దీక్ష తీసుకున్నప్పుడు ఆయన రాసిన ఉత్తరంలో క్రీస్తు మహిమ ప్రసక్తి పెద్దగా కనబడదు. నాగరికులైన మనుషుల్లో ఎక్కువమంది పాటించే మతం కాబట్టి, మంచి నుంచి తప్పించేదేదీ అందులో లేదు కాబట్టి మిమ్మల్ని అలా పెంచాం అని చెప్పాడు. 1829లో ఫెలిక్స్ లండన్ కచేరీల్లో బార్టోల్డీని వదిలేసి ఉత్త మెండెల్సన్‌గా చలామణీ అయినప్పుడు మాత్రం ఆయనకు కోపం వచ్చింది. యూదు కన్ఫ్యూషియస్ ఉండనట్టే క్రైస్తవ మెండెల్సన్ కూడా ఉండడు, ఆ పేరు పెట్టుకున్నావంటే నువ్వు యూదుడివే అన్నట్టు లెక్క అని కొడుకును గట్టిగా మందలించాడు. అదే వేళలో ఫానీ తమ్ముడికి రాసిన ఉత్తరంలో బార్టోల్డీని ‘మనకెవరికీ ఇష్టం లేని పేరు’ అంది. పిల్లలు తాతగారి పేరును వదులుకోదలచుకోలేదు. తండ్రికి ఆ పేరే పిల్లల దారికి అడ్డంగా కనిపించింది. పేరు కోసం ఇన్ని తర్జనభర్జనలు పడ్డ ఇంట్లో, కూతురి పేరు అంగడిలో అమ్ముడయ్యే కాగితం మీద ఎక్కడమనేది చిన్న విషయం కాలేదనుకోవడం న్యాయమే.

చదువు విషయంలో ఆడా మగా తేడా చూపలేదు. 1811లో ఫ్రెంచి ఆక్రమణలో ఉన్న హాంబర్గ్‌ను వదిలి బెర్లిన్ వచ్చిన నాటి నుంచి పిల్లలకు ఇంట్లోనే మేలైన గురువులు దొరికారు. పుట్టిన బిడ్డ వేళ్లు చూసి లేయా ‘బాఖ్ ఫ్యూగులు వాయించే వేళ్లు’ అందట. ఫ్యూగు అంటే ఒకే స్వరమాలను పలు గొంతుకలు వంతులవారీగా అందుకునే చిక్కటి రచన. ఆ మాట ఉత్తపోలేదు. 1818లో, పదమూడేళ్ల ఫానీ తండ్రికి కానుకగా ప్రిల్యూడులనే బాఖ్ చిన్న రచనలు 24ను పుస్తకం చూడకుండా వాయించింది. ఇది గారాల బిడ్డ గొప్పను చాటే కథ మాత్రమే కాదు. ఆ కాలానికి బాఖ్ పాతబడిన పండితుడు, సామాన్య శ్రోతలు మరచిపోయినవాడు. ఆ సంగీతాన్ని బెర్లిన్‌లో బతికించి ఉంచిన కొద్ది ఇళ్లలో ఫానీ అమ్మమ్మ వైపు వారి యూదు ఇళ్లు ముఖ్యమైనవి. సారా లెవీ బాఖ్ పెద్దకొడుకు దగ్గర స్వయంగా నేర్చుకుంది, రాతప్రతులు సేకరించింది. మత్తయి సువార్త ఆధారంగా బాఖ్ రాసిన మహాసంగీత కృతి ప్రతిని ఫెలిక్స్ చేతికి ఇప్పించింది క్రైస్తవం పొడ గిట్టని బెల్లా అమ్మమ్మ. 1829 మార్చి 11న ఫెలిక్స్ దాన్ని పునరుద్ధరించి చరిత్రకెక్కినప్పుడు, ఆ గాయకబృందంలో ఆల్టో అనే దిగువస్థాయి స్త్రీ స్వరాల వరుసలో ఫానీ నిలబడి పాడింది.

దారులు చీలింది 1820లో. ఆ ఏడాది జూలైలో తండ్రి పారిస్ నుంచి రాసిన ఉత్తరం ఈ కథంతటిలో ఎక్కువసార్లు ఉదహరించబడిన కాగితం. సంగీతం ఫెలిక్స్‌కు బహుశా వృత్తి కావచ్చు, నీకు మాత్రం అది ఎప్పటికీ అలంకారమే కాగలదు, కావాలి కూడా, నీ ఉనికికీ నీ పనులకూ అది ఏనాడూ మూలాధారం కాకూడదు అని ఆయన చెప్పాడు. మూలాధారం అన్నచోట ఆయన వాడిన జర్మన్ మాట సంగీతశాస్త్రంలోది. స్వరసమ్మేళనం మొత్తం నిలబడే అడుగు స్వరానికి పేరది. మన సంగీతంలో శ్రుతి అన్నట్టుగా తీసుకుంటే దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుస్తుంది: పాడుకో, కానీ ఇది నీ శ్రుతి కాదు. ఎనిమిదేళ్ల తరువాత, 23వ పుట్టినరోజునాడు, ఆడపిల్లకు ఉన్న ఏకైక వృత్తి గృహిణీత్వమేనని, దానికి ఇంకా శ్రద్ధగా సిద్ధపడమని మళ్లీ రాశాడు.

ఇక్కడే సంపద పోగును కూడా కలిపి చూడాలి. క్లారా తండ్రి పియానోలు అమ్ముతూ, పాఠాలు చెబుతూ బతికేవాడు. కూతురి కచేరీ అంటే ఇంటికి రాబడి, బడికి ప్రచారం. ఏబ్రహాం మెండెల్సన్ బ్యాంకు యజమాని. ఆ తరగతి ఇళ్లలో ఆడపిల్ల డబ్బు తీసుకుని వాయించడమంటే, ప్రచురణకర్తతో బేరం కుదుర్చుకోవడమంటే, ఇంటి పరువు ఒక మెట్టు దిగడం కింద లెక్క. కొడుకు విషయంలోనే ఆయన తటపటాయించాడు. 1825లో ఫెలిక్స్‌ను పారిస్ తీసుకెళ్లి అక్కడి పెద్ద స్వరకర్త కెరూబినీ అంతటివాడి చేత పరీక్ష చేయించాకగానీ సంగీతాన్ని వృత్తిగా ఖాయం చేయలేదు. మర్యాదస్తుల వరుసలో నిన్నమొన్న చోటు సంపాదించి, అదీ ఎప్పుడు జారుతుందో తెలియని కుటుంబానికి, అలంకారం అన్న మాట ఒక రక్షాకవచం లాంటిదని నా అంచనా. తరతరాల కులీనులైతే ఒక కూతురి విపరీతాన్ని భరించేవారేమో. దీనివల్ల తండ్రి తప్పు ఒప్పవదు. ఆ తప్పు ఎందుకంత గట్టిగా వేళ్లూనిందో మాత్రం అర్థమవుతుంది.

ఫెలిక్స్ పేరుతో అచ్చయిన ఆరు పాటల సంగతికి వస్తే, 1827లో వెలువడిన ఆయన 8వ సంపుటిలో మూడు, 1830 నాటి 9వ సంపుటిలో మూడు ఫానీవి. దొంగతనం అనే మాట ఇక్కడ పొసగదు. ఇంట్లో అందరికీ తెలిసే జరిగింది. 1842లో బకింగ్‌హాం ప్యాలెస్‌లో విక్టోరియా రాణి ఫెలిక్స్ పాటల్లో తనకు బాగా నచ్చినది పాడతానని ఇటలీ గురించిన పాట ఎంచుకుంటే, అది అక్కయ్యదని ఆయన ఒప్పుకోక తప్పలేదు, ఆ సంగతిని ఇంటికి ఉత్తరం కూడా రాశాడు. అయినా ముఖపత్రం మీది పేరు మారలేదు. ఆ పాటల్లో ఒకటి ఇంగ్లండ్ రాణి గొంతులో పలుకుతుంటే, దాన్ని కట్టిన మనిషి బెర్లిన్‌లో తోటవైపు గదిలో కూర్చుని ఉంది.

ఆ గది గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఫానీని ఉత్త బాధితురాలిగా చూపే కథనాలు సరిగ్గా చూడనిది దాన్నే. 1825లో ఏబ్రహాం లైప్జిగర్ వీధిలో 3వ నంబరు భవంతి కొన్నాడు. పెళ్లయ్యాక ఫానీ దంపతులు ఆ ఆవరణలోని తోట ఇంట్లో కాపురం పెట్టారు; తోటలోకి తెరుచుకునే పెద్ద హాలు అక్కడ ఉండేది. 1831 నుంచి ఫానీ అక్కడ ఆదివారం కచేరీలను తన చేతుల్లోకి తీసుకుంది. ఏ కృతి పాడాలో నిర్ణయించడం, గాయకులను కూడగట్టడం, తర్ఫీదు ఇవ్వడం, పియానో ముందు కూర్చుని బృందాన్ని నడిపించడం అన్నీ ఆమే. టిక్కెట్లు లేవు, పత్రికల్లో సమీక్షలు లేవు కాబట్టి చట్టం దృష్టిలోనూ లోకం దృష్టిలోనూ అది ఇంటి వినోదమే. వచ్చే జనాన్ని చూస్తే మాత్రం బెర్లిన్‌లోని ముఖ్యమైన కచేరీ వేదికల్లో ఒకటి. 1844 మార్చి నాటి ఉత్తరంలో ఆమె ఒక ఆదివారం గురించి చెబుతూ, పెరట్లో 22 బళ్లు, గదిలో పియానో విద్వాంసుడు లిస్ట్, ఎనిమిదిమంది యువరాణులు అని లెక్క చెప్పింది. తండ్రి గీసిన గీతను ఆమె దాటలేదు, ఆ గీత లోపలి స్థలాన్నే కచేరీ హాలంత చేసింది. 1831లో బెర్లిన్‌ను కలరా ఊపేసి వెళ్లాక, గాయకబృందానికీ వాద్యబృందానికీ కలిపి ఆమె రాసిన పెద్ద కృతి కూడా ఈ ఇంటి కోసమే పుట్టింది. టిక్కెట్టు కొన్న శ్రోతల ముందు ఆమె వాయించినట్టు తెలిసినది ఒక్కసారే: 1838 ఫిబ్రవరిలో, ఒక ధర్మకార్యం కోసం, అదీ తమ్ముడి కన్సర్టో.

అయితే గది ఎంత పెద్దదైనా గదే. బయటి విమర్శ తగలని చోట రచయితకు తన పని మీద అంచనా మొద్దుబారుతుంది. 1836లో లండన్‌లోని కుటుంబ మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఫానీ అదే వాపోయింది: ఏడాదికోసారి ఎవరో ఒక పాట రాసుకుపోతారేమో, చెల్లెలు రెబెకా పాడటం మానేశాక తన పాటలు వినేవారు లేక పడి ఉన్నాయి. ఆ ఏడాదే అచ్చు ప్రస్తావన వచ్చింది. భర్త అచ్చువేయించమంటాడు, తమ్ముడు వద్దంటాడు, రెండు గడ్డిమోపుల మధ్య గాడిదలా ఉన్నానని తమ్ముడికే రాసింది. 1835లో తండ్రి పోయాక ఇంటి పెద్దరికం నిజానికి తల్లిది. కానీ సంగీతం మీద తుది తీర్పు కొడుకుదని తల్లే ఒప్పుకుంది. 1837లో లేయా, ఫానీని ప్రోత్సహించమని ఫెలిక్స్‌ను అడిగింది. ఆయన జవాబు మర్యాదగానే తలుపు మూసింది: ఫానీకి రచయిత్రి కావాలన్న కోరికగానీ అందుకు తగిన పిలుపుగానీ లేవు, స్త్రీ ఎలా ఉండాలో ఆమె అలా ఉంది, ఇల్లు చక్కబెట్టుకున్నాకే సంగీతం ఆమెకు గుర్తొస్తుంది. తానే అచ్చువేయించుకుంటానంటే సాయం చేస్తానని, ప్రోత్సహించడం మాత్రం తన వల్ల కాదని కూడా అన్నాడు. అసూయ ఉందో లేదో తేల్చడం కష్టం. తండ్రి మాటను అతడు తన మాటగా చేసుకున్నాడన్నది మాత్రం స్పష్టం.

ఇటలీ ఆమెను కదిలించింది. 1839–40లో భర్తతో, కొడుకుతో అక్కడ గడిపిన నెలల్లో, రోమ్‌లోని ఫ్రెంచి కళాకారులు ఆమెను ఫెలిక్స్ అక్కగా కాక సంగీతవేత్తగా చూశారు; అప్పటికి ఇరవయ్యొక్కేళ్ల ఫ్రెంచి స్వరకర్త గూనో బాఖ్‌నూ బేతోవెన్‌నూ ఆమె వేళ్ల మీదుగా తెలుసుకున్నాడు. తిరిగొచ్చాక 1841లో ఏడాదిలోని పన్నెండు నెలలకు పన్నెండు పియానో రచనలు, చివర ఒక భరతవాక్యం రాసింది. వాటి శుద్ధప్రతి రంగు రంగుల కాగితాల మీద, భర్త గీసిన బొమ్మలతో తయారైంది. మార్చి నెలలో ఈస్టర్ కీర్తన, డిసెంబరులో క్రిస్మస్ కీర్తన వినిపిస్తాయి. యూదు మూలాలున్న ఇంటి బిడ్డ లూథరన్ కీర్తనల్లో నటించిందనుకోవడం పొరపాటు. ఆమెకు ఆ కీర్తనలు బాఖ్ ద్వారా వచ్చినవి, బాఖ్ అమ్మమ్మల ద్వారా వచ్చినవాడు. ఇంత పనీ కుటుంబంలోనే ఉండిపోయింది.

చివరికి 1846లో ఇద్దరు బెర్లిన్ ప్రచురణకర్తలు తమంతట తామే వచ్చి అడిగారు. జూలై 9న ఫానీ ఫెలిక్స్‌కు ఉత్తరం రాసింది. పద్నాలుగేళ్లప్పుడు నాన్నకు భయపడినట్టే నలభై ఏళ్లప్పుడు తమ్ముళ్లకు భయపడుతున్నానని నవ్వుతూనే ఒప్పుకుని, అయినా అచ్చు మొదలుపెడుతున్నానని చెప్పింది. గమనించవలసిందేమంటే, అది అనుమతి కోరడం కాదు, కబురు చెప్పడం. జవాబుకు నెల పైగా పట్టింది. ఆగస్టులో ఫెలిక్స్, ఒక వృత్తిదారు మరో వృత్తిదారుకు ఇచ్చే దీవెన ఇస్తూ, లోకం నీ మీద గులాబీలే చల్లాలి, ఇసుక కాదు అని రాశాడు. మనసు లోతుల్లో అతడికి పూర్తిగా ఇష్టం లేదని తెలుసు, అయినా మంచి మాట అన్నందుకు సంతోషం అని ఆమె డైరీలో రాసుకుంది. ముఖపత్రం మీద ఆమె ఎంచుకున్న రూపం ‘ఫానీ హెన్సెల్, పుట్టింటి పేరు మెండెల్సన్ బార్టోల్డీ’. భర్త పేరు, తాత పేరు, తండ్రి తగిలించిన పేరు, ఒక్కటీ విడిచిపెట్టలేదు.

1847 మే 14న, ఆదివారం కచేరీకి ఫెలిక్స్ రాసిన కృతినే సాధన చేయిస్తుండగా పియానో మీద ఆమె చేతులు పట్టు తప్పాయి. పక్షవాతంతో ఆ రాత్రే చనిపోయింది. ముందురోజే ముగించిన పాట చివరి వాక్యాన్ని సమాధిరాయి మీద చెక్కారు. నవంబర్ 4న ఫెలిక్స్ కూడా వెళ్లిపోయాడు. బెర్లిన్ శ్మశానంలో ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. మూడేళ్లకే జర్మన్ స్వరకర్త వాగ్నర్ మారుపేరుతో, సంగీతంలో యూదుల మీద విషం చిమ్ముతూ ఫెలిక్స్‌ను గురిపెట్టాడు. 1936లో లైప్జిగ్‌లోని ఫెలిక్స్ విగ్రహాన్ని నాజీలు తొలగించారు. బాప్తిస్మం గానీ, బార్టోల్డీ గానీ ఏబ్రహాం ఆశించిన పని చేయలేదు.

ఫానీ రచనలు మొత్తం 450కి పైనే. వాటిలో చాలా భాగం 1980ల తరువాతే అచ్చుకెక్కాయి. ఈస్టర్ పేరిట 1828లో ఆమె రాసిన పియానో సొనాటాది ప్రత్యేకమైన కథ. 1829 నాటి ఆమె రాతల్లో దాని ప్రస్తావన ఉంది, ప్రతి కనబడలేదు. ఫ్రాన్స్‌లో బయటపడ్డ ఒక రాతప్రతి ఆధారంగా 1970ల్లో దాన్ని రికార్డు చేసినప్పుడు ఫెలిక్స్ రచనగానే విడుదల చేశారు. 2010లో అమెరికన్ పరిశోధకురాలు ఏంజెలా మేస్ ఆ ప్రతిని స్వయంగా చూశారు. చేతిరాత ఫానీదే. పుటల అంకెలు, ఫానీ సంపుటి నుంచి ఎప్పుడో ఊడిపోయిన పుటల అంకెలతో సరిపోయాయి. 2017 మార్చి 8న లండన్‌లో ఆ సొనాటాను ఫానీ పేరుతో వాయించారు. అన్నేళ్ల పొరపాటుకు కారణం ఆ ప్రతి మీదున్న సంతకం: ‘ఎఫ్. మెండెల్సన్’.